ఒకరి జుట్టు మీద మరొకరి మొక్కు

నేను ఫిలాసఫీ చెబుతానని తెలియగానే మన తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న, గృహప్రవేశానికి ఏ నెల మంచిదని. రెండోది, మనసు ప్రశాంతంగా ఉండాలంటే ఏం చేయాలని. న్యూజెర్సీలో, పిస్కాటవేకి పావుగంట దూరంలో ఉన్న ఒక కమ్యూనిటీ కాలేజీలో ఇరవై ఏడేళ్లు పాఠాలు చెప్పి ఈ మధ్యే రిటైరయ్యాను. రెండో ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మొదటిదానికి మాత్రం, ఊరికే వదలరు కాబట్టి, ఏప్రిల్‌లో చేసుకోండి, మంచు ఉండదు అని చెప్పేదాన్ని. చాలామంది ఏప్రిల్‌లోనే చేసుకున్నారు. ఏ ఇల్లూ కూలలేదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు ఒకరిద్దరు, అసలు పని ఎలా ఉంటుందో చెప్పమని అడిగారు. ప్రమోషన్ల సంగతి, కమిటీల సంగతి కాలేజీ వాళ్లే చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను. నాకు ఎక్కువ నేర్పింది అదే.

నేను చెప్పిన పాఠం

వారానికి రెండు సాయంత్రాలు ఎన్‌లైటెన్‌మెంట్ క్లాసు. యూరప్‌లో మూడు వందల ఏళ్ల కింద కొంతమంది, రాజు అన్నాడనో, మతగురువు అన్నాడనో, గ్రంథంలో ఉందనో ఏ మాటా నమ్మక్కర్లేదు, ఎవరి బుర్ర వాళ్లు వాడుకోవచ్చు అని వాదించారు. ఆ వాదనల మీదే ఈ దేశం కూడా చాలావరకు నిలబడింది. ఇవాళ మనం ఒక గుడి కట్టుకుంటే, పక్కవాడు చర్చి కట్టుకుంటే, ఊరి టౌన్‌షిప్ ఆఫీసు వాళ్లు ఇద్దర్నీ పార్కింగ్ గురించి మాత్రమే అడుగుతున్నారంటే అది వాళ్ల పుణ్యమే. వాళ్లలో కొందరు మనుషులంతా సమానమని రాసి, ఇంటికెళ్లి బానిసల చేత వడ్డన చేయించుకున్నారు. అదీ చెప్పాలి. దాన్ని దాటవేసి పాఠం చెప్పే మేస్టర్లను నేను ఎప్పుడూ గౌరవించలేదు.

నా క్లాసులో కూర్చునేవాళ్లు పగలంతా పనిచేసి వచ్చేవాళ్లు. నర్సులు, గోడౌన్లో డబ్బాలెత్తేవాళ్లు, మందుల ఫ్యాక్టరీ వాళ్లు. మన పిల్లలూ ఉండేవారు, ఇక్కడ రెండేళ్లు చదివి పెద్ద యూనివర్సిటీకి మారదామని. వాళ్లు నన్ను 'ప్రొఫెసర్' అని మొదలుపెట్టి, రెండో వారానికల్లా నోరు జారి 'ఆంటీ' అనేవాళ్లు. నేను దిద్దలేదు. దిద్దాల్సింది.

డయాన్ రాసిన ఒక్క వాక్యం

మొదట్లో నేను చాలా చెడ్డగా పాఠం చెప్పాను. పొద్దున ఇంట్లో దీపం పెట్టి, సాయంత్రం క్లాసుకొచ్చి దేవుణ్ణి ఉతికి ఆరేసేదాన్ని. నమ్మకం ఉన్నవాళ్లందరూ తెలివి తక్కువవాళ్లని నా మాటల్లో ధ్వనించేది. పిల్లలు నవ్వేవారు, నేను పొంగిపోయేదాన్ని.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ డయాన్ అనే ఆవిడ. పొడుగు మనిషి, పొట్టి మాటలు. ఒకరోజు వెనక బెంచీలో కూర్చుని నా క్లాసు విని, రిపోర్టులో ఒకే వాక్యం రాసింది: "విద్యార్థులు అచ్చం ప్రొఫెసర్ లాగే ఆలోచించడం నేర్చుకున్నారు." నేను అది మెప్పనుకున్నాను. ఇంటికెళ్లి మా ఆయనకి చదివి వినిపించాను కూడా. ఆయన అకౌంటెంటు. విని, "తిట్టినట్టుందే" అన్నారు. నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత జోకులు మానేసి ఒక అసైన్‌మెంట్ పెట్టాను. మీ ఇంట్లో ఉన్న ఒక నమ్మకం తీసుకోండి. సమర్థించకండి, వెక్కిరించకండి. అది ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, దాని ఖరీదు ఎవరు భరిస్తున్నారు, ఈ మూడూ రాయండి. ఇన్నేళ్లలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఇదే. ఈ తప్పు కూడా దీని వల్లే జరిగింది.

మేఘన పేపరు

మేఘన ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. పందొమ్మిదేళ్లు. నడుం దాటిన జడ, దాన్ని ఎప్పుడూ ముందుకేసుకుని కొస తిప్పుతూ ఉండేది. తక్కువ మాట్లాడేది.

ఆ పిల్ల పేపరులో రాసింది ఇది. వాళ్లమ్మకి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ రోజున వాళ్ల నాన్న హాస్పిటల్ పార్కింగ్‌లో నిలబడి, భార్య బతికితే కూతురు తలనీలాలు ఇస్తానని ఇలవేల్పుకి మొక్కుకున్నాడు. ఆపరేషన్ బాగా జరిగింది. వచ్చే వేసవికి ఇండియా టికెట్లు కొన్నాడు. సర్జన్‌కి థాంక్యూ కార్డు పంపారు, దేవుడికి తన జుట్టు పంపుతున్నారు, తనను మాత్రం ఎవరూ అడగలేదు. తన తల మీద ఉన్నదాన్ని ఇస్తానని మాటిచ్చే హక్కు తనకి తప్ప ఇంకెవరికైనా ఎలా ఉంటుందని అడిగింది. ఎక్కడా నాన్నని ఒక్క మాట తూలలేదు. చివర్లో, తను గుండు చేయించుకోదలచుకోలేదని, ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదని రాసింది.

ఈ ఆఖరి మాట నేను చదివాను. చదివి, మార్కులు వేసే తొందరలో మరిచిపోయాను. ఏ ప్లస్ వేశాను.

ఇండియన్ స్టోర్లో

ఈ దేశంలో పద్దెనిమిది దాటిన విద్యార్థి మార్కులూ పేపర్లూ అతని అనుమతి లేకుండా తల్లిదండ్రులకు చెప్పకూడదు. చట్టం. ప్రతి ఆగస్టులో మాకు దాని మీద ట్రైనింగ్ ఉండేది. నేను ప్రతి ఆగస్టూ సంతకం పెట్టాను.

ఒక ఆదివారం ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుకుంటున్నాను. ఒకాయన వచ్చి నమస్కారం పెట్టాడు. "మేడమ్, నేను ప్రభాకర్. మా మేఘన మీ క్లాసే." వరంగల్ వైపు మాట. వెనక ఆయన భార్య సుజాత గారు, తలకి స్కార్ఫు కట్టుకుని, సామాన్ల బండి పట్టుకుని నిలబడ్డారు.

మన అలవాటు మీకు తెలుసు. పిల్లల టీచరు కనపడగానే పెద్దవాళ్లు "ఎలా చదువుతోందండీ" అంటారు, టీచరు నాలుగు మంచి మాటలు చెబుతుంది, అందరూ సంతోషంగా బెండకాయలు కొనుక్కుని ఇళ్లకు వెళతారు. మా నాన్న ఎదుట మా మేస్టర్లు నన్ను అలాగే మెచ్చుకున్నారు. ట్రైనింగ్ సంతకాలన్నీ ఆ క్షణంలో ఎక్కడికి పోయాయో నాకు తెలియదు.

"మీ అమ్మాయి బంగారమండీ," అన్నాను. "మొక్కు మీద పేపర్ రాసింది. తలనీలాలు ఎందుకు ఇవ్వనంటోందో ఎంత పద్ధతిగా, ఎంత గౌరవంగా రాసిందనుకున్నారు. క్లాసులో అదే ఫస్టు."

ప్రభాకర్ గారి మొహంలో రంగు మారింది. సుజాత గారు బండి వదిలేసి ముందుకొచ్చారు.

"ఏం మొక్కు?" అన్నారు.

ఆవిడకి తెలియదు. ఆవిడ కోసం కూతురి జుట్టు ఇస్తానని భర్త మాటిచ్చిన సంగతి ఆవిడకి కూరగాయల దగ్గర, నా నోటి ద్వారా తెలిసింది. నేను బెండకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

తర్వాత జరిగింది

మేఘన రెండు వారాలు క్లాసుకి రాలేదు. మూడో వారం నా ఆఫీసుకి వచ్చి, కూర్చోకుండానే మాట్లాడింది.

"నేను అది ప్రొఫెసర్‌కి రాసాను. మీరు ఆంటీ లాగా చదివారు," అంది. "అమ్మ నా హెయిర్ పట్టుకుని టూ అవర్స్ ఏడ్చింది. డాడీ నాతో మాట్లాడట్లేదు. అది నేను చెప్పాలి, ప్రొఫెసర్. ఎప్పుడు చెప్పాలో నేను డిసైడ్ చేయాలి."

క్షమించమని అడిగాను. "ఓకే" అంది. అది క్షమించినట్టు కాదని ఇద్దరికీ తెలుసు. సొంతంగా ఆలోచించమని ఇన్నేళ్లు అందరికీ నూరిపోశాను. ఆలోచించినదాన్ని బయటపెట్టే సమయం కూడా వాళ్లదేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. చాలా సిగ్గుపడ్డాను. ఇప్పటికీ ఆ స్టోర్‌కి వెళ్లను. ఇంకో పది నిమిషాలు డ్రైవ్ చేసి వేరేదానికి వెళతాను.

డయాన్ దగ్గరికి వెళ్లి నా మీద నేనే ఫిర్యాదు చేసుకున్నాను. ఆవిడ ఒక ఫారం ఇచ్చింది, నింపాను. ఫైల్లో ఒక హెచ్చరిక చేరింది. "ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి సర్దిచెబుదామని ఉంది," అన్నాను. డయాన్ కళ్లజోడు తీసి, "ఇంకా ఎంత సాయం చేద్దామని?" అంది.

ప్రభాకర్ గారు వచ్చారు

నేను వెళ్లలేదు. ఆయనే నా ఆఫీసుకి వచ్చాడు. పోట్లాటకనుకుని తలుపు తెరిచే ఉంచాను. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పూర్తి బట్టతల.

"నాకు ఉంటే నేనే ఇస్తుంటి మేడమ్," అన్నాడు. "ఆ రోజు పార్కింగ్‌ల నిలబడి చూస్కుంటే నా దగ్గర ఇచ్చేందుకు ఏం లేదు. సుజాతకు కీమోతోని మొత్తం పోయింది. ఇంట్ల జుట్టున్నది బిడ్డకొక్కదానికే."

ఆయన పాతికేళ్లుగా డేటాబేస్‌లు నడుపుతున్న మనిషి. రోజంతా తర్కంతోనే పని. "నేను మూర్ఖుణ్ణి కాదు మేడమ్. జుట్టుకు, ట్యూమర్‌కు సంబంధం లేదని నాకు తెల్వదా? కానీ మొక్కు తప్పినంక అది మల్ల వస్తే? అప్పుడు నేనేం జేయాలె? నాకు నిద్ర వస్తలేదు."

ఏదో ఒకటి చెప్పాలి కదా అని, "ఆడపిల్లలు మూడు కత్తెరలు ఇస్తారు కదండీ, అది సరిపోదా?" అన్నాను.

"గుండు అని మొక్కిన మేడమ్. మూడు కత్తెరలని మొక్కలే."

"మొక్కు ఇంకో రూపంలోకి మార్చుకోవచ్చంటారు, పూజారిని అడిగితే..."

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఎన్‌లైటెన్‌మెంట్ చెప్పే మనిషినని, ఆ పిల్ల గదిలో లేకుండా ఆ పిల్ల జుట్టు గురించి దేవుడితో బేరమాడుతున్నానని. "మీరు అడగాల్సింది మేఘననండీ, నన్ను కాదు," అన్నాను. ఆయన టోపీ పెట్టుకుని, ఒక రోజు క్లాసుకి వచ్చి కూర్చోవచ్చా అని అడిగాడు.

ఈసారి ముందు మేఘనని అడిగాను. ఒకరోజంతా ఆలోచించి, "భూకంపం క్లాస్‌కి రమ్మనండి," అంది.

భూకంపం క్లాసు

అది నేను ప్రతి ఏడాదీ చెప్పే పాఠం. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక పండగ రోజు యూరప్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ప్రార్థన చేసుకుంటున్నవాళ్ల మీదే చర్చి కప్పులు కూలాయి. ఇది పాపానికి శిక్ష అని కొందరన్నారు. అయితే ప్రార్థనలో ఉన్నవాళ్లు ఎందుకు పోయారు, పాపం చేస్తున్నవాళ్లు ఎందుకు మిగిలారు అని ఇంకొందరు అడిగారు. కష్టం వచ్చినవాణ్ణి, నువ్వేం తప్పు చేశావని అడగడం మానవచ్చునన్న ఆలోచన అక్కణ్ణుంచి చాలా దూరం వెళ్లింది.

ప్రభాకర్ గారు వెనక వరసలో కూర్చున్నాడు, కూతురు ముందు వరసలో. చివర్లో చెయ్యెత్తాడు. "దేవుడికి ఇస్తానన్నది ఇయ్యకపోతే ఏం కాదని మీకు గ్యారంటీ ఉన్నదా?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. క్లాసులో ఎవరికీ సంగతి తెలియదు, మా ముగ్గురికి తప్ప.

డోరిస్ అనే నర్సు వెనక్కి తిరిగింది. క్యాన్సర్ వార్డులో పదకొండేళ్లుగా చేస్తోంది, ఆదివారం చర్చి మానని మనిషి. "గ్యారంటీ ఎవరిస్తారు సర్? ప్రార్థన చేసినవాళ్లు ఇంటికెళ్లడం చూశాను, వెళ్లకపోవడమూ చూశాను. చెయ్యనివాళ్లూ అంతే. నేను చేస్తాను. కానీ రిపోర్టు చెడ్డగా వస్తే, నువ్వు సరిగా చెయ్యలేదని ఏ పేషెంటుకీ చెప్పను," అంది.

ఆయన థాంక్స్ చెప్పి కూర్చున్నాడు. ఆ వేసవి టికెట్లు క్యాన్సిల్ చేశాడని తర్వాత మేఘన చెప్పింది. పేపర్ కాపీ అడిగి తీసుకున్నాడట. చదివాడో లేదో తెలియదంది. నేను గెలిచినట్టు లోలోపల కాస్త సంతోషించాను. అది కూడా ఇక్కడ రాసి ఉంచాలి.

ఏడాదిన్నర తర్వాత

మేఘన అప్పటికి పెద్ద యూనివర్సిటీకి మారింది. ఒక మధ్యాహ్నం నా ఆఫీసు తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. హుడీ టోపీ తీసేదాకా గుర్తుపట్టలేదు. గుండు. రెండు మూడు చోట్ల గాట్లు.

"అమ్మ స్కాన్ బ్యాడ్‌గా వచ్చింది," అంది. "మళ్లీ ఉంది. లివర్‌లో."

నేను లేచి నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాను.

"నేనే చేసుకున్నాను, బాత్‌రూమ్‌లో, ట్రిమ్మర్‌తో. నాకు తెలుసు ఆంటీ, లాజిక్ లేదు. నేనే కదా అంత పెద్ద పేపర్ రాసాను." జేబులోంచి జిప్‌లాక్ బ్యాగ్ తీసి టేబుల్ మీద పెట్టింది. జడ చుట్ట చుట్టి అందులో ఉంది. "డాడీతో వచ్చాను. ఇది ఇండియాకి మెయిల్ చేయమని చెప్పండి. డాడీ చేయనంటున్నాడు. మీరు చెప్తే వింటాడు. ఆ రోజే ఇచ్చి ఉంటే... జస్ట్ హెయిర్ కదా, ఆంటీ. నేను ఎందుకు ఇవ్వలేదు?" అని ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

ప్రభాకర్ గారు కారిడార్లోంచి లోపలికి వచ్చాడు. అంతకు ముందు చూసినప్పటికంటే పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. నా వైపు చూడలేదు. కూతురి ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"నీ పేపర్ల ఏం రాసినవ్ బిడ్డా?" అన్నాడు. "మాటిచ్చేది ఎవరిదో వాళ్లదే, వేరేటోళ్లది కాదని రాసినవ్. నాలుగు సార్లు చదివిన నేను. కరెక్టుగ రాసినవ్. మొక్కింది నేను. తప్పింది నేను. దేవుడు కోపం చేస్కోవాలంటే నా మీద చేస్కోవాలె. ఆయనకు ఆ మాత్రం తెల్వదా, ఎవరు మొక్కిన్రో? తెల్వకపోతే ఆయన దేవుడెట్లైతడు?"

మేఘన తల ఊపింది, కానీ ఏడుపు ఆగలేదు. ఆయన ఆ పిల్ల గుండు మీద చెయ్యి పెట్టాడు. "నీ జుట్టు తోని రాలేదు. జుట్టు తోని పోదు. మీ అమ్మకు నువ్వు గుండుతోని కనబడితే ఏమనుకుంటది? దవాఖానకు పోయేలోపు టోపీ పెట్టుకో."

ఇన్నేళ్లు నేను పుస్తకాల్లోంచి చెప్పినదాన్ని ఆయన తన దేవుణ్ణి వదలకుండానే చెప్పాడు. వాళ్లు వెళ్లేటప్పుడు జిప్‌లాక్ బ్యాగ్ ఆయన కోటు జేబులో పెట్టుకున్నాడు. ఏం చేశాడో నేను అడగలేదు.

కొత్తవాళ్లకి

మీ క్లాసులో ఇలాంటి పిల్ల ఒకతె తప్పకుండా ఉంటుంది. తర్కం బాగా నేర్చుకుంటుంది, మీరు ఏ ప్లస్ వేస్తారు. తన మీదికి కష్టం వచ్చిన రోజున ఆ తర్కం ఏమవుతుందో మీ పరీక్షలో తేలదు. ఆ రోజు తలుపు తీసి ఉంచండి. పేపర్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండి, బెండకాయల దగ్గర అస్సలు చెప్పకండి.

ఆ పిల్లని అడిగి, పేర్లు మార్చి, ఈ కథ నేను రిటైర్మెంట్ పార్టీలో చెప్పాను. అందరూ ఒకటే అడిగారు: సుజాత గారు బతికారా? డయాన్ కూడా అడిగింది. నేను చెప్పలేదు, ఇక్కడా చెప్పను. బతికారంటే, గుండు చేసుకుంది కదా అని మీలో ఎవరికో ఒకరికి లోపల అనిపిస్తుంది. పోయారంటే, ముందే ఇచ్చి ఉంటే అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఇరవై ఏడేళ్లు ఆ పాఠం చెప్పినదానికి కూడా. మీకిప్పుడు అడగాలని ఉంటే, ఆ పిల్ల నా ఎదురుగా దేనికి ఏడ్చిందో మీకు తెలిసినట్టే.